ఒంటి చేత్తో ఇల్లు: ఒంటరి తల్లులు డబ్బునీ మనసునీ కుదుటపరచుకునే దారి

సంపాదించేది ఒక్కరే అయితే ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుందని చుట్టాలు సులువుగా అనేస్తారు. "ఒక మనిషి తిండి తగ్గింది కదా" అనే మాట పడ్డవాళ్లకే తెలుసు, అదెంత తప్పుడు లెక్కో. అద్దె గదుల్ని బట్టి ఉంటుంది, మనుషుల్ని బట్టి కాదు. ఫ్రిజ్ చెడిపోతే రిపేరు ఖర్చు ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరైనా ఒకరైనా ఒకటే.

కుటుంబాల అవసరాలను పోల్చడానికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) పేరుతో ఒక కొలబద్ద వాడుకలో ఉంది. ఇంట్లో మొదటి పెద్ద మనిషికి 1, ఆ తర్వాత ఒక్కో పెద్ద మనిషికి 0.5, 14 ఏళ్లలోపు పిల్లలకు తలా 0.3 చొప్పున వేస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి మొత్తం 2.1 వస్తుంది. అందులోంచి భర్తను తీసేస్తే 1.6. అంటే అవసరం తగ్గింది నాలుగో వంతు కూడా కాదు. ఆదాయం మాత్రం సగానికో, ఇంకా కిందికో పడి ఉంటుంది. "ఎంత పొదుపుగా ఉన్నా చాలడం లేదు, నాకే చేతకావడం లేదేమో" అనుకుంటున్న తల్లి ముందుగా ఈ లెక్క చూడాలి. మీ చేతకానితనం ఇందులో ఏమీ లేదు.

ఇంకో మాట. పోయింది జీతం ఒక్కటే కాదు. రెండో మనిషి ఉన్న ఇంట్లో ఆ మనిషి చాలా పనులు చేస్తుంటారు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు లేస్తారు. స్కూల్ నుంచి పిల్లను తెస్తారు. "ఈ అప్పు తీసుకుందామా వద్దా" అంటే ఏదో ఒకటి చెబుతారు. రాత్రి పూట గోడు వింటారు. అందరిళ్లలో ఇవన్నీ జరుగుతాయని కాదు. భర్త ఉన్నప్పుడు కూడా ఇవేవీ దక్కని ఆడవాళ్లు ఎంతోమంది. కానీ పోయిన ఖాళీ మాత్రం ఇన్ని ముక్కలుగా ఉంటుంది. ఈ ముక్కలన్నీ ఒకే మనిషి వచ్చి పూడ్చాలని చూస్తే ఏళ్లు గడిచిపోతాయి. ఒక్కో ముక్కనూ ఒక్కో చోటు నుంచి పూడ్చుకోవచ్చు. ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఆ పని కోసమే.

మొదటి అడుగు: కవర్లు తెరవండి

నాకు తెలిసిన ఒకావిడ ఏడు నెలల పాటు బ్యాంకు ఉత్తరాలన్నీ పరుపు కింద దాచింది. చించలేదు, పారేయలేదు, తెరవలేదు. ఆమె బద్ధకస్తురాలు కాదు, రెండు ఉద్యోగాలు చేసేది. చివరికి ఒక ఆదివారం పక్కింటావిడను కూర్చోబెట్టుకుని అన్నీ తెరిచింది. మొత్తం బాకీ ఆమె ఊహించుకున్న దానికంటే తక్కువే తేలింది. అందరికీ అలా తేలుతుందని చెప్పను. ఎక్కువే తేలినా సరే, తెలియని అంకె కంటే తెలిసిన అంకె తక్కువ భయపెడుతుంది.

డబ్బు కటకట మెదడును కూడా తినేస్తుందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. తమిళనాడు చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అవే రకం ఆలోచనా పరీక్షలు పెట్టారు. మనిషి మారలేదు, చదువు మారలేదు. డబ్బు లేని రోజుల్లో మాత్రం ఫలితాలు తగ్గాయి. కాబట్టి నెలాఖరున మీరు ఏదో మర్చిపోయారంటే, పిల్ల ఫారమ్ మీద సంతకం పెట్టలేదంటే దానికి కారణం ఉంది. దీనివల్ల ఒక పని సూత్రం కూడా దొరుకుతుంది: పెద్ద నిర్ణయాలు డబ్బు చేతికొచ్చిన వారంలో తీసుకోండి, అడుగంటిన వారంలో కాదు.

ఒక రెండు గంటలు కేటాయించండి. పిల్లలు పడుకున్నాకైనా, ఎవరింటికైనా పంపించాకైనా సరే. ఒక కాగితం మీద ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి, కట్టకపోతే ఏమవుతుంది అని రాయండి. చివరి గడి ముఖ్యం. వీలైతే పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. వాళ్లు సలహా ఇవ్వనక్కర్లేదు, కవర్లు చింపి అంకెలు చదివితే చాలు. ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రాసి, మడిచి, పడుకోండి.

రెండో అడుగు: ఎంత అనే దానికంటే ఎప్పుడు అనేది చూడండి

బడ్జెట్ అంటే చాలామంది నెల మొత్తాన్ని ఒక ముద్దగా వేస్తారు. వచ్చేది ఇంత, పోయేది ఇంత, సరిపోయింది. తీరా 5న అద్దె, 7న వాయిదా, 10న జీతం. కాగితం మీద సరిపోయిన నెల 7వ తేదీన కుప్పకూలుతుంది. ఆ మూడు రోజుల కోసం చేబదులు, దాని మీద వడ్డీ, ఆలస్య రుసుము, వచ్చే నెల ఇంకాస్త తక్కువ. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలో చాలా అప్పు ఇలాగే మొదలవుతుంది. లోటు కంటే తేదీల పొత్తు కుదరకపోవడమే దీనికి ఎక్కువ కారణం.

గోడ క్యాలెండరు ఒకటి తీసుకుని డబ్బు వచ్చే రోజులు ఒక రంగులో, పోయే రోజులు ఇంకో రంగులో రాయండి. వెంటనే కనిపిస్తుంది, ఏ వారం ఇరుకో. తర్వాత ఫోన్ చేయండి. వాయిదా తేదీని జీతం తర్వాతికి మార్చమని అడిగితే చాలా సంస్థలు మారుస్తాయి. ఇంటి యజమానిని కూడా అడగవచ్చు: "తగ్గించమనడం లేదండీ, 5 బదులు 12న ఇస్తాను, ప్రతి నెలా అదే తేదీకి ఇస్తాను." తగ్గింపు అడగడం కంటే తేదీ అడగడం తేలిక. అడిగినవాళ్లకు చిన్నతనంగా కూడా ఉండదు.

ఏడాదికోసారి వచ్చే ఖర్చులే అసలు దొంగదెబ్బ తీస్తాయి. స్కూల్ తెరిచే నెల, బీమా ప్రీమియం, పండగ, బండి సర్వీసు. ఇవన్నీ కలిపి 12తో భాగించి, ఆ మొత్తాన్ని నెల ఖర్చుగానే లెక్కేయండి. ముందే తెలిసిన ఖర్చును అత్యవసరం అనకూడదు.

ఇక అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాలని ఎక్కడ చూసినా రాస్తారు. ఒంటరి తల్లికి ఆ మాట వింటేనే నీరసం వస్తుంది. ముందు ఒక వారం ఖర్చుతో మొదలుపెట్టండి. వారం ఖర్చంత డబ్బు పక్కన ఉంటే పిల్లకు జ్వరం వచ్చిన రోజు ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు. అది నిండాక నెలకు పెంచండి. రోజువారీ వాడే ఖాతాలో కాకుండా, ఫోన్‌లో ఒక్క వేలితో పంపడానికి కుదరని చోట దాచండి.

మూడో అడుగు: కాగితాలు విడదీయండి

భర్త చనిపోయినా, విడిపోయినా, వదిలేసి వెళ్లినా కాగితాల మీద పాత సంసారం ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఉమ్మడిగా తీసుకున్న అప్పు ఉంటే, మీరిద్దరూ విడిపోతూ "అది ఆయన కడతాడు" అని రాసుకున్నా అప్పిచ్చినవాళ్లకు ఆ ఒప్పందంతో సంబంధం లేదు. ఇద్దరి సంతకం ఉంటే ఇద్దరినీ అడుగుతారు. ఆయన కట్టకపోతే చెడేది మీ రికార్డు కూడా. ఆ ఉత్తరాలు ఆయన చిరునామాకు వెళ్తుంటే మీకు తెలియను కూడా తెలియదు.

అందుకని: ఉమ్మడి ఖాతాలు, కార్డులు, హామీ సంతకాలు ఏమున్నాయో రాసుకోండి. మీ బ్యాంకు ఓటీపీ ఏ ఫోన్‌కు వెళ్తోందో చూడండి. ఇది చాలామంది మర్చిపోతారు. బీమాలో, ఉద్యోగపు పొదుపులో నామినీ ఎవరో చూసి మార్చండి. పిల్లల జనన పత్రాలు, స్కూల్ రికార్డులు, కోర్టు కాగితాలు ఫొటోలు తీసి, మీకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ ఉన్న చోట పెట్టండి. జీతం మీ ఒక్కరి పేరున్న ఖాతాలోకి మార్చుకోండి.

ఒక జాగ్రత్త. అవతలి మనిషి కొట్టే రకమైతే, ఈ మార్పులు కనిపించగానే రెచ్చిపోవచ్చు. అలాంటప్పుడు ముందు మీరూ పిల్లలూ ఎక్కడ క్షేమంగా ఉంటారో చూసుకోండి, ఆ పని చేసే మహిళా సహాయ సంస్థతో మాట్లాడండి, కాగితాల పని ఆ తర్వాత.

నాలుగో అడుగు: అప్పుల వరుస

గట్టిగా అరిచే అప్పు, ప్రమాదకరమైన అప్పు రెండూ ఒకటి కాదు. రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసేవాడికి ముందు కట్టేస్తాం, అద్దె ఆగిపోతుంది. మొదటి కాగితంలో "కట్టకపోతే ఏమవుతుంది" అనే గడి రాయమన్నది ఇందుకే. కట్టకపోతే ఇల్లు పోయేవి, కరెంటు, నీళ్లు ఆగేవి, మీ జీవనాధారం పోయేవి (కుట్టుమిషన్ మీద అప్పైనా, బండి మీద అప్పైనా) ముందు. తాకట్టు ఉన్నవి తర్వాత. కట్టకపోతే అరుపులు, మాటలు పడటం తప్ప ఇంకేమీ పోనివి ఆఖరున.

వడ్డీ దగ్గర కాస్త ఆగుదాం. మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే, అదీ లెక్క తెలియకే.

నెలకు నూటికి 3 అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 36. కట్టకుండా వడ్డీ మీద వడ్డీ పడితే 42 శాతం దాటుతుంది. ఒక చిటికె లెక్క ఉంది: 72ను నెల వడ్డీతో భాగించండి. 72ను 3తో భాగిస్తే 24. అంటే ఏమీ కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో అప్పు రెట్టింపు. నూటికి 5 అయితే 15 నెలల లోపే.

ఫ్లాట్ వడ్డీ ఇంకో మాయ. "ఏడాదికి 12 శాతం ఫ్లాట్" అని చెప్పి, 12 నెలవారీ వాయిదాలు కట్టమంటారు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేస్తారు. అలా చూస్తే నిజమైన రేటు దాదాపు 21 శాతం. అప్పు తీసుకునే ముందు "ఇది ఫ్లాటా, తగ్గే బాకీ మీద వేస్తారా" అని ఒక్క ప్రశ్న అడగండి. అడగడానికి మొహమాటపడితే సంవత్సరం పొడుగునా దాని ఖరీదు కట్టాల్సి వస్తుంది.

వారాల అప్పు మరీ దారుణం. 100 అప్పు రాసుకుని, ముందే 10 కోసుకుని 90 చేతిలో పెట్టి, వారానికి 10 చొప్పున పది వారాలు కట్టించుకుంటే ఆ పది ఎంతలే అనిపిస్తుంది. ఏడాది లెక్కన అది 100 శాతం దాటిన వడ్డీ. ఇక ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిందంటే, అది రేపు మీ చుట్టాలకు ఫోన్ చేయడానికే. అక్కడితో ఆపేయండి.

ఏది ముందు తీర్చాలి? లెక్కల మాస్టారిని అడిగితే వడ్డీ ఎక్కువున్నది ముందు అంటారు. అది సరైన లెక్కే. కానీ ఒంటరి తల్లికి నేను చెప్పే వరుస వేరు: ఇల్లు నిలబడేవి కట్టాక మిగిలిన దానితో ముందు అతి చిన్న అప్పును పూర్తిగా తుడిచేయండి, ఆ తర్వాతే వడ్డీ ఎక్కువున్న దాని మీద పడండి. సింగపూర్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అప్పులు ఒక సేవా పథకం కింద తీర్చినప్పుడు పరిశోధకులు గమనించిన ఒక సంగతి 2019లో బయటికి వచ్చింది. తీరిన మొత్తం ఒకటే అయినా, ఎక్కువ ఖాతాలు మూతపడ్డవాళ్లకు ఆందోళన ఎక్కువ తగ్గింది, ఆలోచనా పరీక్షల్లో తప్పులు తగ్గాయి. ఒక అప్పు పోయిందంటే గుర్తుంచుకోవాల్సిన ఒక తేదీ, ఎత్తాల్సిన ఒక ఫోన్ పోయాయన్నమాట. అన్నీ మోసేది ఒకే తల అయినప్పుడు ఆ తేడా పెద్దది. చిన్న అప్పులు ఒకటి రెండు పోయాక మాత్రం లెక్కల మాస్టారి మాటే వినండి.

అప్పిచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు కథ చెప్పొద్దు, కాగితం చూపించండి. "నాకు నెలకు వచ్చేది ఇంత. అద్దె, తిండి, ఫీజులు పోతే మిగిలేది ఇంత. అందులో మీ వాటా ఇంత ఇవ్వగలను. ఆరు నెలలు ఇలా కడతాను, ఒప్పుకుంటే రాసివ్వండి." ఏడుపు వస్తే రానివ్వండి, తప్పేం లేదు. కానీ ఆ ఏడుపులో కట్టలేని మొత్తానికి ఒప్పుకోవద్దు. ఫోన్‌లో వత్తిడి పెడితే "రాసి పంపండి, చూసి చెబుతాను" అని పెట్టేయండి. ఇంకొకరి అప్పుకు హామీ సంతకం మాత్రం అన్నదమ్ములకైనా సరే, పెట్టొద్దు. మీ వెనక ఇంకో జీతం లేదు.

ఐదో అడుగు: తండ్రి వాటా

పిల్లల పోషణకు తండ్రి ఇవ్వాల్సిన డబ్బు గురించి చాలామంది తల్లులు "ఆయన డబ్బు నాకొద్దు" అంటారు. ఆ రోషం నాకు అర్థమవుతుంది. కానీ అది మీ డబ్బు కాదు. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 27వ అధికరణం దీన్ని పిల్లల జీవన ప్రమాణం కిందే చూస్తుంది. తల్లిదండ్రుల నుంచి పోషణ ఖర్చు రాబట్టడానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని, అవతలి మనిషి వేరే దేశంలో ఉన్నా సరేనని అందులో ఉంది. పిల్లల తరఫున వదులుకునే అధికారం మనకుందా అన్నది ఆలోచించాలి. పోరాడితే మీ ప్రాణానికే ముప్పు ఉన్న చోట సంగతి వేరు.

అడిగేటప్పుడు నోటి మాట వద్దు, మెసేజ్ పెట్టండి. ఎప్పుడు ఎంత వచ్చింది, ఎప్పుడు రాలేదు ఒక పుస్తకంలో రాయండి. నగదు తీసుకోవద్దు, ఖాతాకే వేయించుకోండి. పిల్లల ఖర్చుల రసీదులు ఒక కవర్లో పడేస్తూ ఉండండి, కోర్టుకు వెళ్తే వకీలు మొదట అడిగేది అవే. వకీలు ఖర్చు భరించలేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉందేమో కోర్టులోనే అడగండి. తండ్రి వేరే దేశంలో ఉంటే, 2007లో హేగ్‌లో కుదిరిన పిల్లల పోషణ వసూలు ఒప్పందంలో ఆ దేశం, మీరున్న దేశం రెండూ చేరాయో లేదో వకీలును అడగండి. రెండూ ఉంటే దారి కొంత సులువు.

బడ్జెట్‌లో ఈ డబ్బును "వచ్చేది" కింద వేయొద్దు, కనీసం ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చేదాకా. విడిగా "వస్తే" అని రాసుకోండి. వచ్చిన నెల అది వారం ఖర్చుల నిధికో, చిన్న అప్పుకో పోవాలి. అద్దె దాని మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడితే ప్రతి నెలా ఆయన ఫోన్ కోసం ఎదురుచూడటమే బతుకైపోతుంది.

ఆరో అడుగు: ఉద్యోగం అసలు ఎంత ఇస్తోంది

జీతం 100 అనుకుందాం. పిల్లను చూసుకునేవాళ్లకు 30, రానూపోనూ 10, వండే ఓపిక లేక బయట కొనేదానికి 5. మిగిలింది 55. పని తొమ్మిది గంటలు, ప్రయాణం రెండు. ఇంటికి దగ్గరలో, స్కూల్ వేళలకు సరిపడే పని 75కే దొరికిందనుకోండి. ప్రయాణానికి 5 పోతే 70 మిగులుతుంది, పైగా రోజుకు మూడు నాలుగు గంటలు చేతికొస్తాయి. పెద్ద జీతం ఎప్పుడూ పెద్దది కాదు. మీకు ప్రభుత్వ సహాయం ఏదైనా వస్తుంటే, జీతం పెరిగితే అది ఏ అంకె దగ్గర ఆగిపోతుందో కూడా ముందే కనుక్కోండి.

దీనికి ఎదురు వాదన ఉంది, అదీ బలమైనదే. పిల్లల సంరక్షణ ఖర్చు కొన్నేళ్లే. బడికి వెళ్లే వయసు వస్తే తగ్గుతుంది. ఆ కొన్నేళ్లూ పెద్ద ఉద్యోగం వదిలేస్తే అనుభవం, పెరగాల్సిన జీతం, రిటైర్మెంటు పొదుపు అన్నీ పోతాయి. కాబట్టి ఎదిగే అవకాశం ఉన్న పనైతే ఇప్పుడు మిగులు తక్కువైనా పట్టుకుని ఉండండి. పదేళ్లయినా అదే జీతం ఉండే పనైతే ఇంటి దగ్గరి పనే మేలు.

పిల్లను చూసుకోవడానికి డబ్బు బదులు సమయం ఇచ్చిపుచ్చుకోవచ్చు. మీలాంటి పరిస్థితిలోనే ఉన్న ఇంకో తల్లితో "శనివారం నీ పిల్లలు నా దగ్గర, ఆదివారం నా పిల్లలు నీ దగ్గర" అనే ఒప్పందం. ఊరికే సాయం అడిగితే నాలుగోసారి నోరు రాదు. ఇచ్చిపుచ్చుకునేదైతే ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఏడో అడుగు: మనసు సంగతి ఖర్చుల జాబితాలో చేర్చండి

"పిల్లలు బాగుంటే చాలు, నాదేముంది" అనే మాట త్యాగంలా వినిపిస్తుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1980ల వ్యవసాయ సంక్షోభంలో చితికిపోయిన కుటుంబాలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. డబ్బు ఇబ్బంది పిల్లల్ని ఎక్కువగా ఏ దారిలో తాకుతుందో వాళ్లు గీసి చూపించారు: ఇబ్బంది ముందు తల్లిదండ్రుల మనసును కుంగదీస్తుంది, ఆ కుంగుబాటు చిరాకుగా, కసురుళ్లుగా, పట్టించుకోకపోవడంగా మారుతుంది, అది పిల్లలకు తగులుతుంది. అంటే మధ్యలో ఉన్నది మీ మనసే. కొత్త బూట్లు కొనలేకపోవడం కంటే రాత్రి కసురుకోవడం పిల్లలకు ఎక్కువ తగులుతుంది. మీ నిద్ర, మీ ఓపిక కూడా పిల్లల ఖర్చు కిందికే వస్తాయి.

లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతపు ఆడవాళ్ల మీద జరిగి 1978లో బయటికి వచ్చిన ఒక అధ్యయనం ఇప్పటికీ ప్రసిద్ధం. పెద్ద కష్టం వచ్చినప్పుడు కుంగుబాటులోకి జారే ప్రమాదం ఎవరికి ఎక్కువని చూస్తే, మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరి మనిషి లేనివాళ్లకు ఎక్కువని తేలింది. కాబట్టి ఒక చెవి వెతుక్కోండి. వారానికి ఒకసారి, ఫలానా రోజు, ఫలానా గంట. అక్కయ్యో, పాత స్నేహితురాలో, పక్క సీటు సహోద్యోగో. ముందే చెప్పండి: "సలహాలొద్దు, అరగంట విను చాలు." మీరు కూడా ఆమెది వినండి. సాయం పేరుతో దగ్గరై, ఆ తర్వాత బదులు ఆశించే మగవాళ్లు కూడా తగులుతారు. డబ్బు ఇచ్చేవాళ్లు, గోడు వినేవాళ్లు వేర్వేరు మనుషులైతే ఈ చిక్కు తక్కువ.

దిగులుకీ డిప్రెషన్‌కీ తేడా తెలుసుకోవాలి. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి 2001 నుంచి వాడుకలో ఉంది. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవాలి. దాంట్లో మొదటి రెండు ప్రశ్నలు మీరే వేసుకోవచ్చు: దేని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? మనసు కుంగి, ఆశ లేనట్టు ఉంటోందా? రెండు వారాలుగా సగానికి పైగా రోజులు ఇలాగే ఉంటే అది టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచన గురించి. అది వస్తోందంటే మిగతా మార్కులు ఎన్ని వచ్చాయన్నది అనవసరం. అదే రోజు ఎవరికైనా చెప్పండి, డాక్టరుకో, హెల్ప్‌లైన్‌కో, తలుపు తట్టగలిగిన పక్కింటివాళ్లకో. చంటిబిడ్డ తల్లులకు విడిగా పది ప్రశ్నల ఎడిన్‌బరో పరీక్ష 1987 నుంచే ఉంది, టీకాలకు వెళ్లినప్పుడు అడగండి.

నిద్ర గురించి ఒకటే మాట. పెద్దవాళ్లకు ఏడు గంటలైనా కావాలి. పిల్లలు పడుకున్నాక ఫోన్‌తో గడిపే ఆ గంటన్నరే రోజంతటిలో మీ సొంతమని నాకు తెలుసు. పూర్తిగా వదులుకోమనను, సగం చేయండి.

ఎనిమిదో అడుగు: పిల్లలకు ఎంత చెప్పాలి

ఏమీ చెప్పకపోతే పిల్లలు అసలు కంటే పెద్దది ఊహించుకుంటారు. అన్నీ చెబితే వాళ్ల భుజాల మీద వేసినట్టే. "డబ్బుల్లేవు" అనే మాట ఐదేళ్ల పిల్లకు రేపు అన్నం లేదన్నట్టు వినిపిస్తుంది. "ఈ నెల దీనికి కాదు, స్కూల్ ఫీజు ముందు" అంటే ఇంట్లో ఒక లెక్క ఉందని తెలుస్తుంది. పదేళ్లు దాటినవాళ్లకు ఒక చిన్న ఖర్చు అప్పగించి నిర్ణయం వాళ్లకే వదలండి.

ముఖ్యంగా పెద్ద పిల్లను మీ గోడు వినే మనిషిగా చేసుకోవద్దు. చాలా ఇళ్లలో తెలియకుండానే జరుగుతుంది. పన్నెండేళ్ల పిల్ల ఎంత బాగా వింటుందో, ఎంత పెద్దమనిషిలా ఓదారుస్తుందో అని మురిసిపోతాం. ఆ పిల్ల ఆ తర్వాత తనకేం కావాలో అడగడం మానేస్తుంది. తండ్రి డబ్బు పంపలేదని పిల్లలతో అనొద్దు, వాళ్లతో ఫోన్ చేయించి అడిగించొద్దు.

తొమ్మిదో అడుగు: మీరు మంచాన పడితే

బీమా అమ్మేవాళ్లు పిల్లల పేరు మీద పాలసీలు చూపిస్తారు. ఆ ఇంట్లో ఆగిపోతే అందరూ ఆగిపోయే సంపాదన మీది, కాబట్టి బీమా కావాల్సింది మీకు. ముందు ఆరోగ్య బీమా. తర్వాత పొదుపు కలపని, ఉత్త జీవిత బీమా, దీన్నే టర్మ్ పాలసీ అంటారు. చివర్లో డబ్బు తిరిగొస్తుందని చెప్పే పాలసీల్లో ప్రీమియం ఎక్కువ, రక్షణ తక్కువ. నామినీగా మైనరు పిల్లను పెడితే డబ్బు అందుకోవడానికి ఒక పెద్ద మనిషి పేరు అడుగుతారు, ఆ పేరు బాగా ఆలోచించి రాయండి. పిల్లల బాధ్యత ఎవరు తీసుకోవాలో వీలునామాలో రాయండి, రాసే ముందు ఆ మనిషిని అడగండి. సంరక్షణ చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇదొక్కటి వకీలుకు చూపించడం మంచిది.

చావు కంటే ఎక్కువగా వచ్చేది మామూలు జబ్బు. మూడు రోజుల జ్వరానికి కూడా ఒక ఏర్పాటు ఉండాలి. ఒక కాగితం రాసి బీరువా తలుపు లోపల అంటించండి: స్కూల్ నుంచి తేగలిగిన ఇద్దరి పేర్లు, ఫోన్లు (వాళ్ల పేర్లు స్కూల్‌లో కూడా ఇచ్చి ఉంచాలి), పిల్లలకు పడని మందులు, డాక్టరు నంబరు, తాళంచెవి ఎవరి దగ్గరుందో, బీమా కార్డు ఏ సొరుగులో ఉందో. చదవడం వచ్చిన పిల్లకు ఆ కాగితం చూపించి, అందులో మొదటి నంబరుకు ఒకసారి నిజంగానే ఫోన్ చేయించండి.